మేనేజర్ కావాల్సింది ఇంటికి, ఇల్లాలికి కాదు

"పనికి మనిషి ఉంది, వంటకి మనిషి ఉంది, మెషీన్లున్నాయి. ఇంకా నీకేం పనమ్మా?" ఉద్యోగం చేసే ఆడవాళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. అడిగేవాళ్లందరూ ఎత్తిపొడుపుగా అడుగుతారని నేననను. చాలామంది నిజంగానే అర్థంకాక అడుగుతారు. మిగిలిన పని కంటికి కనబడేది కాదు మరి.

ఆ మిగిలింది ఎలా ఉంటుందంటే: నీళ్ల ఫిల్టర్ మార్చాల్సింది ఈ నెలే. వాషింగ్ మెషీన్ బాగుచేసే అతను పదికీ రెండుకీ మధ్య ఎప్పుడైనా వస్తానన్నాడు, అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. మామగారి బీపీ మాత్రలు శుక్రవారంతో అయిపోతాయి, కొత్తవి తెచ్చేముందు డాక్టరు చీటీ పాతబడిపోయిందేమో చూసుకోవాలి. స్కూలు నుంచి వచ్చిన కాగితం మీద గురువారంలోపు సంతకం పెట్టాలి. చిన్నదానికి బూట్లు బిగుతయ్యాయి. కారు ఇన్సూరెన్స్ రిన్యూవల్ దగ్గర పడింది. పనికొచ్చే ఆవిడ వచ్చేవారం సెలవు అడిగింది, ఆ నాలుగు రోజులూ ఎలా గడుస్తాయి? వీటిలో ఏ ఒక్కటీ పెద్ద పనేం కాదు. అన్నీ ఒకే బుర్రలో, అదీ ఆఫీసులో ఎవరో ప్రెజెంటేషన్ ఇస్తుండగా తిరుగుతుంటాయి. టెన్షన్ అంతా అక్కడుంది.

అందుకే, స్తోమత ఉంటే ఇంటి నిర్వహణ చూసుకునే మనిషిని పెట్టుకోమని నేను గట్టిగా చెప్తాను. ఊడ్చి, కడిగి, వండే మనిషి సంగతి కాదు నేనంటున్నది. ఏది ఎప్పుడు కావాలో గుర్తుపెట్టుకుని, కనుక్కుని, పురమాయించి, అయ్యేదాకా వెంటపడే మనిషి. అయితే దీన్ని "బిజీగా ఉండే ఉద్యోగినులకు సాయం" అనే లెక్కలో పెట్టుకుంటే మాత్రం సగం డబ్బు దండగ. ఆవిడ ఇల్లాలికి సహాయకురాలిగా వస్తే ఇల్లు ఇల్లాలి నెత్తిమీదే ఉండిపోతుంది, పక్కన ఇంకో మనిషి చేరుతుంది, అంతే. ఇంటికి మేనేజర్‌గా వస్తేనే బరువు దిగుతుంది. ఈ రెండింటికీ తేడా ఎంతుందో అనుభవంలోకి వస్తేగానీ తెలీదు.

ఈ కనబడని పని గురించి చదువుకున్నవాళ్లు చాలాకాలంగా చెప్తూనే ఉన్నారు. మోనిక్ ఐకో అనే ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త 1984లోనే దీన్ని మానసిక భారం అని రాసింది: ఆఫీసులో ఉన్నప్పుడు ఇల్లూ, ఇంట్లో ఉన్నప్పుడు ఆఫీసూ బుర్రలో నడుస్తూనే ఉంటాయని. అదే దేశంలో ఎమ్మా అనే కలంపేరుతో బొమ్మలు గీసే ఒక ఇంజనీరు, 2017లో, "అడిగితే నేను చేసేవాణ్ణిగా" అనే భర్తల మీద కార్టూన్ కథ గీస్తే అది దేశాలు దాటి తిరిగింది. ఎవరి ఇంట్లో వాళ్లు చూసుకున్నట్టు ఉండబట్టే కదా!

నాకు ఎక్కువ ఉపయోగపడింది అమెరికాలో అలిసన్ డామింజర్ 2019లో ప్రచురించిన పరిశోధన. ముప్పై అయిదు జంటల్లో భార్యనీ భర్తనీ కూర్చోబెట్టి మాట్లాడి, ఇంటి ఆలోచనలో నాలుగు దశలుంటాయని ఆమె తేల్చింది. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, వాటిలో ఒకటి ఖాయం చేయడం, అది సరిగ్గా జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. పిల్లకి పన్నునొప్పి అనుకోండి. ఒక పక్కనే నములుతోందని గమనించడం మొదటిది. ఏ డెంటిస్టు దగ్గర ఎప్పుడు అపాయింట్‌మెంట్ దొరుకుతుందో కనుక్కోవడం రెండోది. ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్దామనుకోవడం మూడోది. వెళ్లొచ్చాక మందు వేసుకుంటోందా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అని చూసుకోవడం నాలుగోది. ఆమె కనిపెట్టిందేమిటంటే, మూడో దశలో మాత్రం భార్యాభర్తలిద్దరూ బాగానే పాలుపంచుకుంటారు. మొదటిదీ చివరిదీ ఎక్కువగా భార్యల మీదే పడతాయి. అంటే ఆయనకి గుర్తుండేది "మనిద్దరం కలిసే కదా నిర్ణయించాం" అన్నది. ఆవిడకి గుర్తుండేది దానికి ముందు వారం, తర్వాత వారం. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, అందుకే ఈ గొడవ ఎప్పటికీ తెగదు.

ఇప్పుడు మామూలుగా మనం చేసేదేంటో చూడండి. పని ఎక్కువైతే మనిషిని పెడతాం. ఇంకా ఎక్కువైతే ఇంకో మనిషిని. ప్రతి మనిషికీ ఒక టైము, ఒక సెలవు, ఒక అలక, ఒక జీతం తేదీ. "అక్కా, సబ్బు అయిపోయింది" అని ఒకరు, "మేడమ్, గేటు దగ్గర ఉన్నా, ఎవరూ తలుపు తీయట్లేదు" అని ఇంకొకరు. చేతులు పెరిగేకొద్దీ వాటిని నడిపించే పని పెరుగుతుంది, ఆ పని ఎవరిదో ఎవరూ చెప్పుకోనక్కర్లేదు. యంత్రాల విషయంలోనూ ఇదే జరిగిందని రూత్ ష్వార్ట్జ్ కోవాన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో వాదించింది. మెషీన్లు రాగానే బట్టలుతకడం తేలికైంది నిజమే. కానీ అంతకుముందు బయటికి వేసే బట్టలు కూడా ఇంటికే తిరిగొచ్చాయి, శుభ్రంగా ఉండడమంటే ఏమిటన్న కొలతా పెరిగింది. మగవాళ్లూ పిల్లలూ చేసే పనులు చాలావరకు యంత్రాలకి పోయాయి, ఇల్లాలికి గంటలు మాత్రం అనుకున్నంత తగ్గలేదు.

మా ఇంటికి వచ్చిన ఆవిడ గురించి చెప్తాను. అంతకుముందు ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేశారు. వారంలో కొన్ని పూటలు వస్తారు, మిగతాది ఫోన్‌లో. మొదటి రోజే చీపురెక్కడ, బకెట్టెక్కడ అని అడగలేదు. ఒక దళసరి నోటుబుక్కు తీసుకుని ఇల్లంతా తిరిగారు. ఫ్రిజ్ వెనకా, వాషింగ్ మెషీన్ తలుపు లోపలా అంటించి ఉండే చిన్న చీటీలుంటాయే, మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉంటాయి, వాటన్నిటికీ ఫోటోలు తీశారు. బిల్లులన్నీ ఒక డ్రాయర్‌లో కుక్కి ఉంటే వాటిని కింద పరిచి, వారంటీ ఉన్నవి ఒక పక్కా, గడువు దాటినవి ఒక పక్కా వేశారు. తర్వాత సింకు కింద దూరి, నీళ్లు కట్టేసే వాల్వులు ఏది దేనిదో తిప్పి చూసి, వంటింటి వాల్వుకి ఎర్ర రిబ్బను ముక్క, బాత్రూముదానికి నీలం ముక్క కట్టారు. మా మామగారు కుర్చీలోంచి ఇదంతా చూసి, "ఆవిడేదో ఇల్లు కొనుక్కోవడానికి వచ్చినట్టు చూస్తోందే" అన్నారు.

కొన్నాళ్లకి ఒక రాత్రి సింకు పైపు ఊడింది. నేను ఊళ్లో లేను. మా ఆయన నాకు ఫోన్ చేయలేదు. ఎర్ర రిబ్బను చూసి వాల్వు తిప్పేశారు, నోటుబుక్కులో ప్లంబర్ నంబరు చూసి పొద్దున్నే పిలిపించారు. నాకు ఆ సంగతి రెండ్రోజుల తర్వాత మాటల్లో తెలిసింది. ఇంట్లో ఒక విషయం మొదలై, ముగిసి, నా దగ్గరికి వార్తగా మాత్రమే రావడం నాకదే మొదటిసారి. పెళ్లయి ఇన్నేళ్లకి! వాల్వు తిప్పడం ఎవరికైనా వచ్చు. అది ఎక్కడుందో తెలిసిన బుర్ర అంతవరకూ ఒక్కటే ఉండేది, ఇప్పుడు అది కాగితం మీదికొచ్చింది.

అయితే మొదట్లో అంతా ఇలా సాఫీగా ఏం నడవలేదు. ఆవిడ ఏది అడగాలన్నా నన్నే అడిగేవారు. ఏ కంపెనీది తీసుకోమంటారు మేడమ్, బుధవారం రమ్మనమంటారా గురువారమా మేడమ్, రేటు కాస్త ఎక్కువ చెప్తున్నాడు మేడమ్. ఫోన్ టింగుమంటూనే ఉండేది. పని ఆవిడ చేస్తున్నారు, ఆలోచన మాత్రం ఇంకా నాదే. పైగా ఇప్పుడు జవాబులు టైప్ చేయడం అదనం. ఇక్కడే చాలామంది విసుగెత్తి "దీనికంటే నేనే చేసుకోవడం నయం" అని మాన్పించేస్తారు. మనిషిలో తప్పులేదు. నిర్ణయించే అధికారం ఇవ్వకుండా బాధ్యత ఒక్కటే ఇస్తే ఎంత తెలివైన మనిషైనా అడుగుతూనే ఉంటుంది.

మేం చేసింది ఇది. ఇంత సొమ్ము లోపు అయ్యే పని ఏదైనా మమ్మల్ని అడగకుండా చేసేయండి అని ఒక హద్దు పెట్టాం. ఎప్పుడూ వచ్చే పనులకి, అంటే ఫిల్టరు, సర్వీసింగు, మందులు, అడగడమే వద్దన్నాం. డబ్బు హద్దు దాటితేనో, పిల్లల ఆరోగ్యం సంగతైతేనో, వెనక్కి తీసుకోలేని పనైతేనో ముందు అడగాలి. మిగతావన్నీ చేసేసి, శనివారం ఒకేసారి చెప్పొచ్చు. ఆ శనివారం మాట్లాడుకోవడానికి అరగంట చాలు, కానీ భార్యాభర్తలిద్దరం కూర్చోవాలి. దీనికో చిన్న షరతు కూడా ఉంది, అదే కష్టమైనది: ఆవిడ తీసుకున్న నిర్ణయం మనం తీసుకునేదానికంటే కొంచెం తక్కువ బాగున్నా నోరు మూసుకోవాలి. నాకు నచ్చని రంగు కర్టెన్లు వచ్చాయి ఒకసారి. ఉన్నాయి, వేలాడుతున్నాయి. ఎండ ఆపుతున్నాయి.

ఇక మా ఆయన సంగతి. ఆవిడ ఫోన్‌లో మా ఇద్దరి నంబర్లూ ఉండాలనీ, ఎవరి వంతు పనికి వాళ్లనే అడగాలనీ మొదటే అనుకున్నాం. కారు, కరెంటు, బ్యాంకు పనులు, చిన్నదాని స్కూలు ఆయనవి. మొదట్లో ఏమయ్యేదంటే, ఆవిడ ఆయన్ని అడిగితే ఆయన ఆ మెసేజ్‌ని అలాగే నాకు పంపేవారు. "చూడు, ఏదో అడుగుతోంది." ఆఫీసులో పైనుంచి వచ్చిన మెయిల్ కిందికి తోసినట్టు.

"మీ వంతు కదా, మీరే చెప్పండి" అన్నాను.

"నాకు ఇవన్నీ ఏం తెలుసు? నీకైతే ఠక్కున తెలుస్తాయి."

"ఆవిడకీ మొదటి రోజు ఏమీ తెలీదు. అడిగి తెలుసుకున్నారు."

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదనుకుంటాను. ఎక్కడో పుట్టి, ఎక్కడో పెరిగి, మన ఇంట్లో అడుగుపెట్టి నెల తిరగని మనిషికి పిల్ల బూట్ల సైజు తెలిసినప్పుడు, కన్నతండ్రికి తెలియకపోవడానికి కారణం చేతకాకపోవడం కానేకాదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, అంతే. ఇంటికి మేనేజర్ వస్తే కలిగే లాభాల్లో నేను ఊహించనిది ఇదే: ఇన్నాళ్లూ నేను చెప్తే సణుగుడులా వినిపించింది, బయటి మనిషి నోటుబుక్కులో రాస్తే సమాచారం అయింది.

స్కూలు వాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫారంలో తండ్రి నంబరు మొదట రాసినా ఫోన్ తల్లికే వస్తుంది. ఇది నా చాదస్తం కాదు. అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు, తల్లీ తండ్రీ ఇద్దరి నంబర్లూ ఇచ్చి, పిల్లని చేర్పించాలనుకుంటున్నాం, ఒకసారి ఫోన్ చేయండని వేలాది స్కూళ్ల ప్రిన్సిపాళ్లకి ఉత్తుత్తి మెయిళ్లు పెట్టి చూశారు. తండ్రికి కంటే తల్లికి ఫోన్ చేసే అవకాశం 1.4 రెట్లు ఎక్కువని తేలింది. కాబట్టి ఇంట్లో పంచుకుంటే సరిపోదు, బయటివాళ్లకి పదేపదే చెప్పాలి. మా ఆవిడ, అంటే మేనేజర్ ఆవిడ, ఆ పనీ చేశారు. స్కూలు ఆఫీసుకి వెళ్లి, "మొదటి ఫోన్ సార్‌కి" అని రిజిస్టరులో రాయించి వచ్చారు. అలా రాయించాలన్న ఆలోచన అన్నేళ్లలో మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

డబ్బు మాట. ఇలాంటి మనిషిని పెడదామనగానే ఇంట్లో మొదట వచ్చే లెక్క, "నీ జీతంలో ఇంత ఆవిడకే పోతుందే!" ఆ లెక్కలోనే మోసం ఉంది. ఇల్లు ఇద్దరిదైతే, పిల్లలు ఇద్దరికీ అయితే, మనిషి జీతం ఒక్క భార్య జీతంలోంచి ఎందుకు తీసివేస్తారు? ఇంటి ఈఎంఐని అలా ఒకళ్ల జీతంలోంచే తీసేసి, "నీ ఉద్యోగం వల్ల మిగిలేది ఇంతే" అంటారా? ఈ తప్పుడు తీసివేతతోనే ఎంతోమంది ఉద్యోగాలు మానేశారు. మానేసిన రోజు పోయే జీతం ఒక్కటే కాదు పోయేది. తర్వాత రావాల్సిన ప్రమోషన్లు, పెన్షను, మళ్లీ చేరాలంటే దొరకని సీటు, ఇవన్నీ పోతాయి. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఏళ్లతరబడి చూపించింది ఈ సంగతే. సంపన్న దేశాల్లో ఒకే వృత్తిలో ఉన్న ఆడా మగా మధ్య జీతాల తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టాకే తెరుచుకుంటుంది. ఏ వేళకి పిలిచినా పలికేవాళ్లకి కొన్ని ఉద్యోగాలు మరీ ఎక్కువ ఇస్తాయి, ఇంటికి ఆ పలికే మనిషి ఎవరైతే వాళ్లు ఆఫీసులో వెనకబడతారు. మేనేజర్ ఉంటే ఇల్లు పిలిచినప్పుడు మొదట పలికేది ఆవిడ. మనం కొనుక్కుంటున్నది అదీ.

డబ్బు పెట్టి సమయం కొనుక్కోవడం మనకి ఎంత ఇబ్బందో కూడా లెక్కగట్టినవాళ్లున్నారు. ఆష్లీ విలాన్స్, మరికొందరు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, కెనడాలోని వాంకూవర్‌లో 60 మంది ఉద్యోగులకి ఒక వారాంతం 40 డాలర్లిచ్చి ఏదైనా వస్తువు కొనుక్కోమన్నారు, ఇంకో వారాంతం అంతే డబ్బిచ్చి తమ సమయం మిగిలే పనికి ఖర్చుపెట్టమన్నారు. సమయం కొనుక్కున్న రోజే వాళ్ల మనసు ఎక్కువ తేలికగా ఉంది. విచిత్రం ఏంటంటే, ఊరికే 40 డాలర్లు వస్తే ఏం చేస్తారని వేరే 98 మందిని అడిగితే, సమయం మిగిల్చే దానికి పెడతామన్నవాళ్లు నూటికి ఇద్దరే. నెదర్లాండ్స్‌లో మిలియనీర్లని అడిగితే వాళ్లలో దాదాపు సగంమంది ఇలాంటి వాటికి పైసా పెట్టడంలేదన్నారు. కాబట్టి అడ్డం పడేది ప్రతిసారీ డబ్బు లేకపోవడమే కాదు.

మరి ఏది అడ్డం? సిగ్గు. "ఇల్లు కూడా చూసుకోలేకపోతోంది" అని ఎవరో అంటారన్న జంకు. కంపెనీ నడిపే మగవాడికి సెక్రటరీ ఉంటే దర్జా అంటాం, అతనికి తేదీలు గుర్తుండవని జాలిపడం. అన్నీ ఒంటిచేత్తో చేసిందని మనం మెచ్చుకునే ఆడవాళ్లలో చాలామంది వెనక ఎవరో ఒకరున్నారు. లిలియన్ గిల్‌బ్రెత్‌ని చూడండి. కాలితో తొక్కి మూత తెరిచే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపులో అరలు ఆమె ఆలోచనలే. 1924లో భర్త పోయాక పదకొండుమంది పిల్లల్ని పెంచుతూ ఇంజనీరుగా, ప్రొఫెసరుగా పేరు తెచ్చుకుంది. ఆ ఇంట్లో పనికి మనుషులుండేవాళ్లు. ఆమె కథ చెప్పేటప్పుడు జనం ఆ భాగం వదిలేస్తారు.

పరాయి మనిషి చేతికి ఇంటి తాళమివ్వాలంటే భయం ఉంటుంది, అది ఉండాల్సిందే. దానికి మందు జాగ్రత్తే. ముందు పనిచేసిన చోట ఫోన్ చేసి కనుక్కోండి. ఇంటి ఖర్చుకి వేరే కార్డు పెట్టి, అందులో నెలకి సరిపడానే వేయండి. ఓటీపీలు, బ్యాంకు పాస్‌వర్డులు ఎవరికీ ఇవ్వొద్దు, ఎంత నమ్మకం ఉన్నా. కాగితాల నకళ్లు ఇస్తే చాలు, అసలువి బీరువాలో ఉంటాయి. ఇది రెండువైపులా ఉండే విషయమని కూడా గుర్తుంచుకోవాలి. ఇంట్లో కెమెరా ఉంటే ఉందని ఆవిడకి చెప్పాలి. చెప్పకుండా పెట్టుకునేవాళ్లు నమ్మకం గురించి మాట్లాడకూడదు.

మనిషిని ఎంచుకోవడం గురించి నా అభిప్రాయం కొంచెం మొండిది. ఇంటిపనిలో నేర్పరి కావాలని చూడొద్దు. క్లినిక్ రిసెప్షను, స్కూలు ఆఫీసు, హోటల్ ఫ్రంట్ డెస్కు, ఇలాంటి చోట్ల పదిమందిని సంబాళించినవాళ్లు ఈ పనికి బాగా పనికొస్తారు. పిల్లల కోసం ఉద్యోగం మానేసి, పూర్తి రోజు వెళ్లలేక, సగం రోజు పని దొరక్క ఉన్నవాళ్లూ చాలామంది ఉన్నారు. ఇంటర్వ్యూలో పెద్ద ప్రశ్నలేం వద్దు. నిజంగా పెండింగులో ఉన్న ఒక చిక్కు ఇవ్వండి, ఆ వారానికి జీతం ఇచ్చి. పనికిమాలిన ఫ్రిజ్‌ని కంపెనీవాడు వెనక్కి తీసుకోనంటున్నాడు, చూడండి అని. జవాబు "ఫోన్ చేశానండీ, వాళ్లు ఎత్తట్లేదు" అని వస్తే ఒక రకం. "ఎత్తలేదు, మెయిల్ పెట్టాను, కంప్లయింటు నంబరు ఇదీ, సోమవారం మళ్లీ చేస్తాను" అని వస్తే మీకు మనిషి దొరికినట్టే.

నిజమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. ఒక ఆడదాని బరువు ఇంకో ఆడదాని నెత్తికెక్కించి, దీన్ని స్వేచ్ఛ అనడం ఏం న్యాయం? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వేసిన లెక్క ప్రకారం, ప్రపంచంలో ఇతరుల ఇళ్లలో పనిచేసి బతికేవాళ్లు 7.56 కోట్లమంది. వాళ్లలో నూటికి 76 మంది ఆడవాళ్లు. నూటికి 81 మందికి రాతకోతలు, భద్రత లేని పనే. నేను ఈ పూట కూర్చుని ఇది రాసుకుంటున్నానంటే, మా ఇంటి మేనేజర్ ఇంటిని ఇప్పుడెవరో గుర్తుపెట్టుకుంటున్నారు, బహుశా వాళ్లమ్మ.

దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, సగం ఉంది. సాయం వద్దనుకుంటే ఆవిడ బరువు దిగదు, ఉన్న జీతం పోతుంది. పని మర్యాదగా ఉండేలా చూడడం మన చేతుల్లో ఉంది. అదే సంస్థ 2011లో ఇంటిపనివాళ్ల కోసం 189వ నంబరు ఒప్పందం చేసింది, ముందుగా ఆమోదించిన దేశం ఉరుగ్వే, 2013 నుంచి అది అమల్లో ఉంది. అందులో ఉన్నవి గొంతెమ్మ కోరికలేం కావు. పని ఏమిటో, జీతమెంతో, గంటలెన్నో ముందే తేటగా చెప్పాలి, వీలైతే రాసివ్వాలి. వారానికి ఏకబిగిన కనీసం 24 గంటలు సెలవు ఉండాలి. నాకు చురుక్కుమన్న అంశం ఇంకొకటి ఉంది. పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండాల్సిన సమయాన్ని కూడా, ఆయా దేశాల చట్టాలు చెప్పిన మేరకు, పనిగంటలుగానే చూడాలి. రాత్రి పదిన్నరకి "రేపు ఫలానాది మర్చిపోకండి" అని ఆవిడకి మెసేజ్ పెట్టడమూ, మన బాస్ మనకి పెట్టడమూ ఒకటే. మన బాస్‌ని మనం ఎన్నెన్ని మాటలంటాం! ఒకరి ఇంటిలోనే చేయనక్కర్లేదు, ఇంటికోసం చేసినా ఆ ఒప్పందం ప్రకారం అది ఇంటిపనే. కాబట్టి మేనేజర్ అని గొప్ప పేరు పెట్టి హక్కులు ఎగ్గొట్టడం కుదరదు.

ప్రభుత్వాలు తలుచుకుంటే ఇంకా చేయొచ్చు. బెల్జియంలో 2004 నుంచి సర్వీసు ఓచర్ల పద్ధతి నడుస్తోంది. ఇంటివాళ్లు తక్కువ ధరకి ఓచర్లు కొనుక్కుని పనికి ఇస్తారు, మిగతా ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. పనిచేసే మనిషికి ఒక గుర్తింపు పొందిన కంపెనీలో ఉద్యోగం, సామాజిక భద్రత ఉంటాయి. ఖర్చుతో కూడిన పథకమే, విమర్శలూ ఉన్నాయి. కానీ అంతకుముందు ఏ రికార్డులోనూ లేకుండా నడిచిన పని లెక్కలోకి వచ్చింది.

అంత స్తోమత లేనివాళ్లు ఏం చేయాలన్నది మిగిలింది. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకర్ని పెట్టుకోవచ్చు, నెలకి కొన్ని గంటలే అయినా తేడా తెలుస్తుంది. అదీ కుదరకపోతే మనిషిని పెట్టకుండానే ఆ నోటుబుక్కు పద్ధతి మొదలుపెట్టండి. ఒక పనిని ఇద్దరి మధ్య ముక్కలు చేయకుండా, పసిగట్టడం నుంచి కనిపెట్టుకోవడం దాకా మొత్తంగా ఒకరికి అప్పగించండి. మందులు ఆయనవంటే ఎప్పుడు అయిపోతాయో కూడా ఆయనకే తెలియాలి. మనిషిని పెట్టేవాళ్లు కూడా ముందు ఈ పంపకం చేసుకుంటేనే మంచిది. లేకపోతే "మనిషిని పెట్టాంగా" అని ఆయన తనకున్న ఆ కాస్త భాగాన్నీ హాయిగా ఆవిడకి దాటించేస్తారు, మనం మళ్లీ మొదటికొస్తాం. ఏ పేరుతో వచ్చినా, మేనేజర్ చేయలేనివి కొన్ని ఎలాగూ ఉంటాయి. పిల్ల రెండ్రోజులుగా ఎందుకు సరిగ్గా మాట్లాడట్లేదో కనుక్కోవడం ఆవిడ పని కాదు. దానికి కావాల్సిన ఖాళీని ఆవిడ మిగులుస్తారు, ఆ ఖాళీలో తల్లి ఒక్కతే కూర్చోకూడదు.

ఎంత మంచి మనిషైనా ఒకరోజు ఇంతకంటే మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా. అప్పుడు తాళాలు తీసుకోవడం, కార్డు ఆపడం, బాకీ జీతం అదేరోజు ఇవ్వడం, నోటుబుక్కుని కొత్త మనిషితో పక్కన కూర్చుని అప్పజెప్పించుకోవడం, ఇవన్నీ ముందే ఒప్పందంలో రాసుకుంటే మంచిది. పనిచేసిన కాలం, చూసుకున్న పనులు రాసి ఒక అనుభవ పత్రం ఇవ్వండి, ఆవిడకి తర్వాతి చోట జీతం పెరిగేది దానివల్లే. కింద సంతకాలు భార్యాభర్తలిద్దరివీ ఉండాలి.